బడిపిల్లల బాకాలు

డేరిల్ రుట్కోస్కీ ఎదురింట్లో ఉండే విల్మా యూరెక్ జుట్టు కత్తిరించే దుకాణంలో చెప్పిందట. అక్కడే తల తడుపుకుని కూర్చున్న మా ఆవిడ కొనీ విని, ఇంటికి వచ్చి కారు తాళం చేతిలో ఉండగానే నాకు చెప్పింది. డేరిల్ రోజూ పొద్దున్నే తన పికప్ బండిలోకి ఎక్కి, అద్దాలు పైకి బిగించుకుని, ఎడమ చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని కూర్చుంటున్నాడట. ఎక్కడికీ పోడు. విల్మా పోసుకున్న కాఫీ చల్లారిపోయేదాకా అట్లాగే ఉండి, దిగి ఇంట్లోకి పోతాడట. బండిలో తన పాటే పెట్టుకుని వింటున్నాడేమో అని దుకాణంలో ఒకావిడ అన్నదట. పెళ్ళాం రెనీకీ అతనికీ పడటం లేదేమో అని ఇంకొకావిడ. పాట వినేవాడు రెండు చెవులూ తెరుచుకుంటాడు గాని ఒకటి మూసుకుంటాడా అని విల్మా వాళ్ళిద్దరి నోళ్ళూ మూయించిందట.

విల్మాకి పనేముంది, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధంతా కాపలా కాస్తుంది అనేసి నేను ఆ మాట అక్కడే వదిలేశాను.

పోయిన వారం భాగంలో డేరిల్‌ని ఫోను దగ్గర వదిలిపెట్టాం గుర్తుందా? మా వ్యవహారాలు చూసే వాన్ డెట్రాయిట్ నుంచి ఫోను చేసి, శరదృతువంతా ఒక పెద్ద బృందం కచేరీలకి ముందు వాయించే అవకాశం వచ్చిందన్నాడు. సోమవారం పొద్దున బస్సు ఎక్కితే మళ్ళీ క్రిస్మస్‌కే ఇల్లు. డేరిల్ మా మొహాలైనా చూడకుండా సరే అన్నాడు. ఎందుకనడు? పోయిన చలికాలం గరుకు రాళ్ళమీద గొలుసు లాగినట్టు అయిపోయిన గొంతు ఫిబ్రవరిలో తిరిగి వచ్చింది మరి. ఏప్రిల్‌లో సాగినాలో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళాల్సినవాడు, ఇక అవసరం లేదు, గొంతు బాగుపడింది అని మానేశాడు. మార్చిలో చూసినప్పుడు ఆసుపత్రివాళ్ళు ఏమన్నారురా అని మేమడిగితే ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారు, అంతే అన్నాడు. మేం నమ్మాం. నమ్మడానికే మాకు బాగుంది.

మిషిగన్ బొటనవేలు అనే మా ప్రాంతంలో చక్కెర దుంప తప్ప ఇంకేదీ పేరు మోయలేదు. మేం మోశాం. డేరిల్ వాళ్ళ నాన్న దుంపచేనికి ఉత్తరాన కంచె, కంచె పక్కన పాత కొట్టం. ఆ కొట్టంలో నలుగురం కలిసి గోల చేసుకునేవాళ్ళం గనక బృందానికి 'నార్త్ ఫెన్స్' అని పేరు పెట్టుకున్నాం. డేరిల్ పాడతాడు. గిటారు టాడ్ హైస్లర్, రెనీకి స్వయానా తమ్ముడు. బేసు గిటారు గ్లెన్. డ్రమ్స్ నేను, పేరు లైల్. తొంభై తొమ్మిదిలో 'బండి ఆపకు' అనే మా పాట దేశంలో ప్రతి పికప్ బండిలోనూ మోగింది. పెద్ద పెద్ద మైదానాల్లో, మమ్మల్ని చూడ్డానికి కాకపోయినా ఇంకొకళ్ళని చూడ్డానికి వచ్చిన జనం కూడా, ఆ పాటకి లేచి నిలబడేవాళ్ళు. రెండో చరణం చివర డేరిల్ ఒక కేక పెడతాడు. పాట అంటే ఆ కేకే. జనం దానికోసమే కూర్చునేవాళ్ళు, అది అయిపోయాక బయటికి పోయి బీరు తెచ్చుకునేవాళ్ళు. ఆ తర్వాత రేడియోవాళ్ళకి మా మీద మోజు తీరింది, మూడో రికార్డు తర్వాత కంపెనీ మాతో మాట్లాడటం మానేసింది. పెద్ద బస్సు పోయి వ్యాను మిగిలింది. జూదశాలలు, తిరనాళ్ళు, మోటారు సైకిళ్ళవాళ్ళ జాతరలు. గొంతు ఉన్నంతకాలం అదీ బతుకే. అది పోతే నలుగురమూ దుంప మిల్లు గేటు ముందు నిలబడాలి.

ఇక ఈ వారం సంగతి.

ఆగస్టులో మా కౌంటీ తిరనాళ్ళకి ఏటా మేమే ఆఖరి రోజు వాయిస్తాం. ఈసారి తిరనాళ్ళ కమిటీవాళ్ళకి ఒక ముచ్చట పుట్టింది. హైస్కూలు పిల్లల కవాతు బ్యాండు మాతో కలిసి 'బండి ఆపకు' వాయించాలని. ఆ పిల్లల టీచరు మిస్ బెర్నడీన్ టోత్. మా నలుగురికీ ఆవిడే నేర్పింది. డేరిల్ ఆవిడ దగ్గర ట్రాంబోను అనే పొడుగు బాకా ఊది, ఊదలేక, పాటలోకి పారిపోయాడు. మిస్ టోత్ పద్ధతి మాకు తెలిసిందే. రికార్డు ముందు పెట్టుకుని వింటుంది, పిల్లలకి వాటాలు రాస్తుంది, బడి తెరవకముందే ఎండాకాలం శిబిరంలో వాళ్ళచేత వల్లె వేయిస్తుంది. మైదానంలో నడుస్తూ వాయించేటప్పుడు ఎవరి చేతిలోనూ కాగితం ఉండకూడదు. కాగితం చూసేవాడికి కాళ్ళు తడబడతాయంటుంది ఆవిడ. అంతా కంఠతా రావాల్సిందే.

ముచ్చట అందరికీ నచ్చింది, టాడ్‌కి తప్ప. మొదట కమిటీ దగ్గరికి పోయి టైము చాలదన్నాడు. వాళ్ళు చాలుతుందన్నారు. తర్వాత రుబార్బ్ అనే పుల్లకాడలతో తీపి వంటకం ఒకటి చేయించుకుని మిస్ టోత్ ఇంటికి పోయి, పిల్లలు ఈ ఒక్క పాటా వదిలేస్తే బాగుంటుందని బతిమాలాడట. ఆవిడ ఒప్పుకోకపోతే, పోనీ పాట మొత్తాన్నీ శ్రుతిలో ఒకటిన్నర మెట్టు కిందికి దించి రాయమన్నాడట. ఎందుకూ అంటే గిటార్లు బరువుగా మోగుతాయన్నాడట. "నెల్లాళ్ళుగా ఎండలో నిలబడి నేర్చుకున్నది ఇప్పుడు నీ బరువుకోసం మరిచిపోమననా?" అని ఆవిడ రుబార్బ్ మాత్రం ఉంచుకుని పంపించింది. ఈ సంగతులు మాకు తర్వాత తెలిశాయి. అప్పటికి మాత్రం, టాడ్‌కి పొగరెక్కింది, బడిపిల్లల పక్కన నిలబడటం నామోషీగా ఉంది అనుకున్నాం. నేను ఆ మాట మొహాన అన్నాను కూడా. 

ఆఖరి రోజు మధ్యాహ్నం సాధన. గ్యాలరీ ముందున్న బురదమడిలో పొద్దున ట్రాక్టర్లు బరువులు లాగే పందెం జరిగింది. ఆ చాళ్ళు ఎండి గట్టిపడి, పిల్లలు వాటిలో అడుగులు వెతుక్కుంటూ వరసలు కట్టారు. పశువుల పేడ వాసన, నూనెలో వేగుతున్న ఏనుగు చెవుల వాసన కలిసి వస్తున్నాయి. నూనెలో వేయించి పంచదార చల్లిన ఆ రొట్టె ఒకటి నములుతూ డేరిల్ పిల్లల మధ్య తిరిగాడు. ట్రాంబోనులవాళ్ళ దగ్గర ఆగి, మా కాలంలో దీన్ని పొడుగ్గా లాగి ముందు వరసవాడి టోపీ పడగొట్టేవాళ్ళం అని చెప్పి నవ్వించాడు. అంత సంతోషంగా అతన్ని చూసి చాలా కాలమైంది. టాడ్ మాత్రం స్టేజీమీద తన గిటారు స్పీకరు పెట్టె ముందు వంగి, ఏదో చెడిపోయింది, ఈ పాట సాధన లేకుండా రాత్రికి నేరుగా వాయించేద్దాం అన్నాడు. "అన్నీ బాగానే ఉన్నాయి, లే" అన్నాడు డేరిల్. టాడ్ లేచాడు.

నేను లెక్క పెట్టాను. టాడ్ ఎత్తుకున్నాడు. డేరిల్ మొదటి చరణం పాడాడు, బాగుంది, గ్యాలరీ తుడుస్తున్న ఆడవాళ్ళు కూడా చీపుళ్ళు ఆపారు. రెండో చరణంలో పిల్లలు అందుకోవాలి. మిస్ టోత్ చెయ్యి ఊపింది. బాకాలన్నీ ఒక్కసారి లేచాయి.

ఇరుకు వంతెనమీద రెండు బళ్ళు ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నట్టయింది.

నేను డ్రమ్స్ బాదేవాణ్ణి. చెవుల్లో బిరడాలు పెట్టుకుని వెనకాల కూర్చుంటాను, శ్రుతితో నాకు పేచీ లేదు. నాకే పళ్ళు పులిశాయి. పిల్లలు ఒక్కొక్కళ్ళే ఆగిపోయారు. బాకాలు దించి, తప్పు తమదేనేమో అన్నట్టు పక్కవాళ్ళ మొహాలు చూసుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అంతే. ముందు వరసలో ఒక అమ్మాయికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

డేరిల్ మైకులోనే నవ్వాడు. పిల్లల మనసు నొచ్చకూడదని. "మిస్ టోత్, మీవాళ్ళు ఎండకి వేడెక్కి పైకి పోయారు. కాస్త కిందికి దించండి."

మిస్ టోత్ స్టేజీ మెట్ల దాకా వచ్చింది. "ఎండ తగిలితే బాకా వెంట్రుకవాసి పెరుగుతుంది డేరిల్. ఇది వెంట్రుకవాసి కాదు" అని, టాడ్ వైపు తిరిగి, అన్నిటికంటే కింది తీగ ఒక్కటి మీటి వినిపించమంది.

టాడ్ మీటలేదు. అరచెయ్యి తీగలమీద పరిచి మూసేశాడు.

ఆవిడ అతన్ని కాసేపు చూసింది. పన్నెండేళ్ళ వయసులో మేం బడిలో ఇచ్చిన ఇంటిపని చెయ్యకుండా వచ్చినప్పుడు కూడా అట్లాగే చూసేదని నాకు గుర్తు. తర్వాత గ్యాలరీ పైనున్న ప్రకటనల గదివాడికి చెయ్యి ఊపి, మా రికార్డు పెట్టమని అరిచింది. అది వాడి దగ్గర ఎప్పుడూ ఉండేదే. పందుల పరుగుపందేనికీ 'పై' అనే పళ్ళ రొట్టె తినే పోటీకీ మధ్య ఏటా వేస్తుంటాడు.

గ్యాలరీ చుట్టూ ఉన్న పెద్ద స్పీకర్లలోంచి ఇరవై ఆరేళ్ళ డేరిల్ పాడటం మొదలుపెట్టాడు.

రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే, ముందు వరసలో ఇద్దరు ముగ్గురు బాకాలు పెదాలకి ఆనించారు. తమ తప్పు లేదని చూపించుకోవాలిగా. మెల్లగా ఊదారు. తాళం చెవి తాళంలో దూరినట్టు అతికింది. అది విని మిగతా వరసలు కూడా అందుకున్నాయి. బురదమడి నిండా పాట. ఎక్కడా ఒక్క పొల్లు లేదు. కేక వచ్చే చోటు వస్తోంది.

డేరిల్ మైకు పట్టుకుని ఉన్నాడు. ఏమనుకున్నాడో, తన పాత గొంతుతో కలిసి తనూ ఆ కేక ఎత్తుకున్నాడు.

సగం దాకా గాలి వచ్చింది. ఆ తర్వాత, నూనె లేని గేటు బందు కీచుమన్నట్టు ఒక ముక్క వచ్చి, తెగిపోయింది. పైన స్పీకర్లలో కేక మాత్రం హాయిగా సాగిపోతోంది. పిల్లలు ఆగిపోయారు. ప్రకటనలవాడు కంగారుపడి రికార్డు తీసేశాడు.

డేరిల్ పిల్లల్ని చూడలేదు. మిస్ టోత్‌ని చూడలేదు. టాడ్ చేతులు చూశాడు. మైకుని దాని కర్రకి జాగ్రత్తగా తగిలించి, స్టేజీ వెనక మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మాకు బట్టలు మార్చుకోవడానికి కోళ్ళ షెడ్డులో వెనకభాగం ఇచ్చారు. ఇటువైపు మేం, అటువైపు రైతుబిడ్డలు పెంచి పోటీకి తెచ్చిన కోళ్ళు, కుందేళ్ళు, పంజరాలకి నీలం ఎరుపు రిబ్బన్లు. నేను వెళ్ళేసరికి డేరిల్ ఒక దాణా బస్తామీద కూర్చుని ఉన్నాడు. టాడ్ ఎదురుగా నిలబడ్డాడు, గిటారు ఇంకా మెళ్ళోనే ఉంది.

"ఎంత?" అన్నాడు డేరిల్.

"ఒకటిన్నర."

"ఎప్పట్నించి?"

టాడ్ నేల చూస్తూ చెప్పుకొచ్చాడు. ఫిబ్రవరిలో మౌంట్ ప్లెజంట్ జూదశాలలో వాయించిన రోజునించి. అంతకుముందు వారమంతా డేరిల్ గొంతు పెగలక, ప్రతి చోటా కేక దగ్గర మైకుని జనం వైపు తిప్పి వాళ్ళచేత పాడించి గట్టెక్కుతున్నాడు. ఆ రోజు మాత్రం, జలుబే కదా, ఒక్క రోజుకే కదా అని, పాట కిందికి దిగితే పాడటం తేలికని, టాడ్ గ్లెన్‌ని కలుపుకుని తీగలన్నీ అర మెట్టు వదులు చేశాడు. డేరిల్‌కి చెబుదామనే అనుకున్నాడు. ఈలోగా డేరిల్ ఆ కేక పెట్టాడు. అందింది.

"ఆ రోజు వ్యానులో నువ్వు ఏడ్చావురా" అన్నాడు టాడ్. "వెనక సీట్లో జాకెట్టు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చావు. గొంతు తిరిగొచ్చింది టాడ్, తిరిగొచ్చింది అన్నావు. అది గొంతు కాదు, తీగలు వదులయ్యాయి అని ఎట్లా చెప్పను?"

చెప్పలేదు. మార్చికల్లా అర మెట్టు చాల్లేదు. ఒకటి దించాడు. జూన్‌లో ఒకటిన్నర. దించిన ప్రతిసారీ డేరిల్ గొంతు బాగుపడిందని మేమంతా సంబరపడ్డాం. తీగలు మరీ వదులై బట్టలారేసుకునే తాడులా కొట్టుకుంటుంటే, లావు తీగలు కొనుక్కొచ్చి వేశాడట. గ్లెన్ నోరు విప్పలేదు. నన్ను కలుపుకోవాల్సిన అవసరమే లేకపోయింది వాళ్ళకి.

అంతలో రెనీ వచ్చింది. చర్చి ఆడవాళ్ళు పెట్టిన 'పై' రొట్టెల దుకాణంలో పని చేస్తోంది, మోచేతుల దాకా పిండి. స్పీకర్లలో పాట మధ్యలో తెగిపోవడం అక్కణ్ణించే విన్నదట. ఎవరూ చచ్చిపోలేదు కదా అన్నట్టు ముగ్గురినీ చూసి, ఏమైందని తమ్ముణ్ణి అడిగింది.

టాడ్ మళ్ళీ మొదట్నించి చెప్పాడు. ఈసారి తొందరగా. వింటున్నకొద్దీ రెనీ చేతులు తుడుచుకోవడం ఆగిపోయింది.

"అంటే ఏప్రిల్‌లో…" అంది. "ఏప్రిల్‌లో ఈయన పాడింది నిజంగా పాడింది కాదా?"

"పాడాడు. కింద పాడాడు."

"ఆ కేక వచ్చింది కదా అనే గదా టాడ్ ఆసుపత్రి మానుకున్నాం. వంటింట్లో నిలబడి ఆ కేక పెట్టి వినిపించాడు నాకు. మచ్చ ఉన్నవాడు ఇట్లా పెట్టగలడా అన్నాడు. నేనూ సరేనన్నాను."

టాడ్ తలెత్తాడు. "ఏం మచ్చ?"

రెనీ మొగుడి వైపు చూసింది. డేరిల్ దాణా బస్తా కుట్టు గీరుతున్నాడు.

"ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారని చెప్పాడు మాకు" అన్నాను నేను.

"ఉప్పునీళ్ళా?" అంది రెనీ. ఆ మాట గట్టిగా అనలేదు, నోట్లోనే అనుకున్నట్టు అంది.

అప్పుడు చెప్పింది. గొంతు తంత్రిమీద తెల్లటి మచ్చ ఉందట. కోసి తీసి పరీక్ష చెయ్యాలన్నాడట డాక్టరు. అది చెడ్డదో కాదో కోస్తేగాని తెలియదు, చెడ్డదైతే ఆగేది కాదు, పాకుతుంది అన్నాడట. కోసిన తర్వాత వారాల తరబడి ఒక్క మాట మాట్లాడకూడదు. ఆ తర్వాత పాడే గొంతు ఉంటుందని మాట ఇవ్వలేనన్నాడట. ఇదంతా మార్చి నెలాఖరులో. నొప్పి గనక చెవిలోకి ఎక్కిందంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు, అదే రోజు బయల్దేరి రండి అన్నాడట.

పంజరంలో పుంజు ఒకటి గట్టిగా కూసింది. దాని పక్కది జవాబిచ్చింది. ఆ రొదలో నాకు విల్మా కిటికీ కళ్ళకి కట్టింది.

"డేరిల్" అన్నాను. "ఎడమ చెవి ఎన్నాళ్ళనించి నొప్పి?"

గీరుతున్న వేలు ఆగింది.

"స్పీకర్ల మోతవల్లలే" అన్నాడు.

"ఏ చెవి?" అంది రెనీ. ఆవిడకి తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే మంచంమీద పడుకునే మనిషికి తెలియని సంగతి ఎదురింటి ఆవిడకి తెలుసు. రెనీ ముందుకు వచ్చి పిండి చేతులతోనే డేరిల్ గడ్డం పట్టుకుని మొహం పక్కకి తిప్పింది, చెవిలో ఏదైనా కనిపిస్తుందేమోనన్నట్టు. చెంపమీద తెల్లగా ఆమె వేళ్ళ గుర్తులు పడ్డాయి. అతను తుడుచుకోలేదు.

షెడ్డు తలుపు దగ్గర మిస్ టోత్ నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు. లోపలికి రాకుండానే, పిల్లల్ని నీడలో కూర్చోబెట్టి నిమ్మరసం ఇప్పించానంది. రాత్రికి పాట ఉంచాలో తీసెయ్యాలో చెబితే వాళ్ళకి చెప్పుకుంటానంది. ఆ ఒక్క పాట తీసేసి మార్చ్ ఏదైనా వాయించుకుంటామని కూడా అంది, మెత్తగా. మిస్ టోత్ మెత్తగా మాట్లాడటం ఇన్నేళ్ళలో నేను మొదటిసారి విన్నాను, అది నాకు మచ్చ సంగతికంటే ఎక్కువ భయం పుట్టించింది.

రాత్రికి వాన్ డెట్రాయిట్ నుంచి వస్తున్నాడు. పెద్ద బృందంవాళ్ళ తాలూకు మనిషిని వెంటబెట్టుకుని వస్తున్నాడు. గొంతు గురించి వాళ్ళు ఏవేవో విన్నారట, ఒకసారి తమ చెవులతో విని పోతామన్నారు. ఇది మా అందరికీ తెలుసు. 

"ఉంచండి" అన్నాడు డేరిల్. లేచి నిలబడ్డాడు. "మీ పిల్లలు ఎక్కడ నేర్చుకున్నారో అక్కడే వాయించమనండి. పైనే. నేను అక్కడికే వస్తాను."

"నువ్వెక్కడికీ రావు" అంది రెనీ. "నువ్వు నాతో బండెక్కి ఇప్పుడే సాగినా వస్తున్నావు."

"రేపు ఆదివారం."

"ఆదివారం డాక్టర్లు చచ్చిపోరు."

టాడ్ మధ్యలోకి వచ్చాడు. రాత్రి పాట తీసేద్దాం, వాన్‌కి నేను చెప్పుకుంటాను, బస్సు పోతే పోనీ, నువ్వు వెళ్ళు అన్నాడు. గిటారు పట్టీ మెళ్ళోంచి తియ్యబోతే కాలరుకి చిక్కుకుంది. డేరిల్ సాయం చెయ్యలేదు. టాడ్ పట్టీతో గుంజుకుంటుంటే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. కొట్టం రోజులనుంచీ వీళ్ళిద్దరూ తన్నుకోవడం నేను చాలాసార్లు చూశాను. తన్నుకునే ముందు మొహాలు వేరు. ఇది అది కాదు.

"ఇప్పుడు వెళ్ళమంటున్నావా" అన్నాడు డేరిల్. గొంతు పెంచలేదు. పెంచడానికి గొంతు లేదు కూడా. "ఏప్రిల్‌లో ఒక్క మాట అన్నావు కాదు. ఆసుపత్రికి నేను ఫోను చేసి రానని చెప్పిన రోజు మా వంటింట్లోనే ఉన్నావు. నా బల్లమీద నా పియెరోగీలు తింటున్నావు. ఒరే డేరిల్, ఆ కేక నీది కాదురా, నేను దించిన తీగలది అని ఒక్కసారి అని ఉంటే నేను ఆ రోజే బయల్దేరి ఉండేవాణ్ణి."

"మచ్చ సంగతి నువ్వు చెప్పలేదు" అన్నాడు టాడ్. కన్నీళ్ళు కారుతున్నాయి గాని తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. "అలసట అనుకున్నాను. ఒట్టు డేరిల్. అలసట అనే అనుకున్నాను."

"నువ్వేమనుకున్నా, ఇది నువ్వు చేసిందే. నాకు రేపు ఏమైనా అయితే మచ్చ వల్ల కాదు. నీవల్ల. నేను ఊరంతా చెప్పి పోతాను."

మిస్ టోత్ తలుపు మీద చెయ్యి వేసింది. నేను టాడ్ పక్కకి జరిగాను, వాడు పడిపోతాడేమోనని. బయట ప్రకటనలవాడు పందుల పరుగుకి జనాన్ని పిలుస్తున్నాడు.

రెనీ అడుగు ముందుకు వేసి, తమ్ముడికీ మొగుడికీ మధ్య నిలబడింది. తమ్ముడి వైపు వీపు పెట్టి.

"వాడిమీదికి తొయ్యకు" అంది. "ఇన్నేళ్ళు ఆ కేక ఏ మెట్టుమీద పెట్టావో, అది కిందికి దిగిందని నీ గొంతుకి తెలియదా డేరిల్? నీకు మొదటి రోజే తెలుసు. అందుకే ఏడ్చావు."